‘ఏం కాదులే’ అనే హక్కు ఎవరిది?

2020 చివర్లో, అందరం ఇళ్ళల్లో కూర్చుని పనిచేస్తున్న రోజుల్లో, నేనొక డ్రాప్‌డౌన్ రాశాను. మా క్లయింట్ యూరప్‌లో కుళాయిలు, పైపు ఫిట్టింగులు అమ్మే ఒక కంపెనీ. వాళ్ళకి సరుకిచ్చే సప్లయర్లు ఒక్కో పార్టుకీ ఒక ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న: యూరప్ ప్రమాదకర రసాయనాల జాబితాలో ఉన్న పదార్థం ఏదైనా ఈ పార్టులో బరువు లెక్కన 0.1 శాతం మించి ఉందా? ఉంది, లేదు. రెండే జవాబులు. సప్లయర్ ఏదీ ఎంచుకోకుండా వదిలేస్తే ఏం చెయ్యాలో స్పెసిఫికేషన్‌లో లేదు. నేను ఖాళీని ‘లేదు’ కింద లెక్కేశాను. ఒక్క లైను కోడ్.

టెస్టింగ్ చూసే అమ్మాయి దాని మీద బగ్ వేసింది. కాల్‌లో అడిగింది కూడా: "అన్నా, వాళ్ళు ఏమీ చెప్పకపోతే మనం ‘లేదు’ అని ఎట్లా చెప్తం?" నేనిచ్చిన జవాబు ఇప్పటికీ గుర్తుంది. "అన్నీ ఎర్రగా చూపిస్తే క్లయింట్ ఒప్పుకోడు. ఉంటే వాళ్ళే చెప్తారు కదా. ఏం కాదులే." బగ్‌ని ‘డిజైన్ ప్రకారమే’ అని రాసి మూసేశాను. జనవరి 5 గడువు. 2021లో ఆ రోజు నుంచి యూరప్‌లో వస్తువులు అమ్మేవాళ్ళు ఆ జాబితాలోని పదార్థాల వివరాలను ఒక ప్రభుత్వ డేటాబేస్‌కి ఇవ్వాలి. గడువు దగ్గరపడ్డప్పుడు ప్రోగ్రామర్‌కి తత్వశాస్త్రం గుర్తురాదు.

నాకు గుర్తొచ్చింది తర్వాతే. ‘నల్’కీ ‘ఫాల్స్’కీ తేడా ఉందని ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలోనే చదువుకున్నాం. ఒక గడిలో విలువ లేకపోవడం వేరు, ఆ విలువ ‘కాదు’ అవడం వేరు. తెలుగులో అయితే ఈ తేడా చెప్పడానికి చదువు కూడా అక్కర్లేదు. ‘లేదు’ వేరు, ‘తెలియదు’ వేరు. తెలిసీ రెంటినీ కలిపేశాను. ఎందుకు కలిపానని ఆలోచిస్తూ ఆ ఫారం వెనకున్న చట్టాన్ని చదవడం మొదలుపెట్టాను. అది నాకు కెమిస్ట్రీ కంటే నీతిశాస్త్రం లాగే కనిపించింది.

*

‘ఏం కాదులే’ అనేది మనం రోజుకి పదిసార్లు వాడే మాట. జ్వరంతో ఉన్న పిల్లాడికి ధైర్యం చెప్తుంది. హెల్మెట్ లేకుండా బండెక్కేవాడిని ఎక్కిస్తుంది. నా బండి, నా తల అయితే అది నా జూదం. ఎదుటివాడి తల గురించి నేను ‘ఏం కాదులే’ అంటే, అప్పుడది జూదం కూడా కాదు. పందెం నాది, పోయేది వాడిది.

యూరప్‌లో రసాయనాల వ్యవహారం చాలా కాలం ఈ మాట మీదే నడిచింది. 1981 సెప్టెంబర్ 18ని అక్కడి చట్టం ఒక గీతగా తీసుకుంది. ఆ తేదీ నాటికే మార్కెట్లో ఉన్న పదార్థాలు లక్షకు పైగా. వాటికి ఒక జాబితా కట్టి ‘ఉన్నవి’ అని పేరు పెట్టారు. ఉన్నాయి కాబట్టి ఉండొచ్చు, పరీక్షలేమీ అక్కర్లేదు. గీత తర్వాత వచ్చినవి ‘కొత్తవి’. ఏడాదికి 10 కిలోలు అమ్మాలన్నా ముందు పరీక్షలు చేయించాలి, నివేదికలివ్వాలి. కొత్త కోడలి నడక, మాట, వంట అన్నీ పరీక్షకు పెట్టి, ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో పాతుకుపోయిన మావయ్య తాగుడు గురించి ఎవరూ మాట్లాడని ఇల్లు లాంటిదన్న మాట.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. పాత పదార్థానికి పరీక్షల ఖర్చు లేదు కాబట్టి అది చవక. దానికంటే మంచిదని ఎవరైనా కొత్తది కనిపెడితే ఆ ఖర్చంతా కొత్తదాని నెత్తిన. అంటే ప్రజల రక్షణ కోసం పెట్టిన నియమమే సురక్షితమైన కొత్తదాన్ని గుమ్మం బయట నిలబెట్టి, తెలియని పాతదాన్ని లోపల కూర్చోబెట్టింది. 1993లో ఇంకో చట్టం తెచ్చి పాతవాటిలో ముఖ్యమైనవాటిని ప్రభుత్వాలే పరీక్షించాలన్నారు. ఆ ప్రాధాన్య జాబితాలోకి ఎక్కినవి మొత్తం 141. లక్షలో 141. హాని ఉందని రుజువు చేసే పని ప్రభుత్వానిది, సమాచారం మాత్రం కంపెనీల దగ్గర. అలాంటప్పుడు పని నత్తనడక నడవడంలో ఆశ్చర్యం లేదు.

2006 డిసెంబర్‌లో ఆమోదం పొంది, 2007 జూన్ 1న అమల్లోకి వచ్చిన ‘రీచ్’ అనే చట్టం ఈ బరువుని తీసి అవతలి భుజం మీద పెట్టింది. అందులో అయిదో అధికరణం శీర్షికని తెలుగులో చెప్పుకుంటే: సమాచారం లేకపోతే మార్కెట్ లేదు. ఏడాదికి ఒక టన్ను మించి తయారుచేసినా, దిగుమతి చేసుకున్నా ఆ పదార్థం గురించి తెలిసిందంతా హెల్సింకీలో ఉన్న సంస్థకి చెప్పాలి. తెలియకపోతే తెలుసుకుని చెప్పాలి. పాతదా కొత్తదా అన్న తేడా లేదు. పెద్ద మొత్తాలవాళ్ళకి 2010, మధ్యరకానికి 2013, ఒక టన్ను దాకా చిన్నవాళ్ళకి 2018 గడువులు. ఇప్పటికి ఇరవై వేలకు పైగా పదార్థాలు నమోదయ్యాయి.

దీన్ని నేను ఆకాశానికెత్తడం లేదు. వచ్చిన ఫైళ్ళలో ఎన్నో గడులు సరిగా నింపనివే. మొదట్లో కనీసం 5 శాతం ఫైళ్ళు తనిఖీ చేస్తే చాలనుకున్నారు. 2020లో దాన్ని 20 శాతానికి పెంచాల్సి వచ్చింది. ఫారం నింపడం, నిజం చెప్పడం ఒకటి కాదు. నాకు తెలుసు, ఫారం రాసింది నేనే కదా.

*

ఇక్కడ ఒక మంచి ప్రశ్న వస్తుంది. నేరం రుజువయ్యేదాకా మనిషి నిర్దోషి అంటాం కదా, రసాయనానికి ఆ న్యాయం ఎందుకు లేదు? ఒక కాలేజీ మిత్రుడు నాతో ఇదే వాదన పెట్టుకున్నాడు. వాడు ఫార్మాలో ఉంటాడు. "నువ్వు చెప్పేది అనుమానం మీద జైల్లో వెయ్యడం లాంటిదిరా" అన్నాడు.

చాలా రోజులు ఆలోచించాను. మనిషిని నిర్దోషిగా ముందే ఒప్పుకోవడం ఎందుకంటే, ఒకవైపు రాజ్యం, ఇంకోవైపు ఒంటరి మనిషి. తప్పు జరిగితే పోయేది ఆ మనిషి బతుకు. అందుకని బలహీనుడి వైపు తక్కెడ కొంచెం వంచి పెడతాం. అదే సూత్రం ఇక్కడ పెడితే బలహీనుడు ఎవరు? బెంజీన్ వలయానికి పరువు పోదు. పదార్థం గురించి ఎక్కువ తెలిసింది, దానివల్ల లాభం వచ్చేది, వద్దనుకుంటే మానేయగలిగింది, ఈ మూడూ తయారీదారుకే ఉన్నాయి. ఒళ్ళు మాత్రం ఇంకొకరిది. కాబట్టి మావాడు చెప్పిన సూత్రాన్నే నిజాయితీగా అన్వయిస్తే జవాబు తిరగబడుతుంది.

హాన్స్ యోనాస్ 1979లో జర్మన్‌లో రాసిన బాధ్యతా సూత్రం పుస్తకంలో దీనికి దగ్గరి వాదన ఉంది. మన చేతుల్లో ఉన్న సాంకేతిక శక్తి మన ముందుచూపు కంటే పెద్దదైపోయింది, కాబట్టి పణంగా ఉన్నది మరీ పెద్దదైనప్పుడు మంచి జోస్యం కంటే చెడు జోస్యానికి ఎక్కువ విలువివ్వాలి అంటాడాయన. జర్మన్ పర్యావరణ చట్టాల నుంచి పైకి వచ్చి, 1992 మాస్ట్రిక్ట్ ఒప్పందంలో చోటు సంపాదించిన ‘ముందుజాగ్రత్త సూత్రం’ కూడా ఇదే గాలి పీల్చుకుని పెరిగింది.

ఎదురువాదన కూడా బలమైనదే. కాస్ సన్‌స్టీన్ 2005లో వచ్చిన తన పుస్తకంలో, ముందుజాగ్రత్తని అక్షరాలా పాటిస్తే ఏ దిక్కుకీ కదల్లేం అంటాడు. ఒక మందుని ఆపడంలో ప్రమాదం ఉంది, ఆపకపోవడంలోనూ ఉంది. భయం ఒకవైపే చూస్తుంది. ఈ మాట నన్ను చాలా ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే నిజం. కానీ రీచ్ మొదటి మెట్టులో అడిగేది ‘హాని లేదని నిరూపించు’ అని కాదు. అలా ఎవరూ నిరూపించలేరు. ‘నీకేం తెలుసో చెప్పు, తెలియకపోతే వెతుకు’ అంటుంది. భయపడమని చెప్పడానికీ, కళ్ళు తెరిచి చూడమని చెప్పడానికీ మధ్య ఉన్న దూరం అది. నిషేధం, అనుమతి అనేవి తర్వాతి మెట్లు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

*

సూపర్‌మార్కెట్‌లో బిల్లు ఇస్తారు చూడండి, గోరుతో గీస్తే నల్లగా గీత పడే కాగితం. అది థర్మల్ కాగితం. అందులో ఇంకు ఉండదు, వేడి తగిలితే రంగు తేల్చే రసాయనాలు పూత పూసి ఉంటాయి. ఆ రంగు తేల్చే పనికి దశాబ్దాలుగా వాడింది బిస్‌ఫినాల్ ఎ. శరీరంలో ఈస్ట్రోజన్‌లా నటించగలదని దాని మీద ఆరోపణ. యూరప్ 2011లో పిల్లల పాలసీసాల్లో దాన్ని ఆపేసింది. 2014లో ఫ్రాన్స్, బిల్లు కాగితంలో కూడా ఆపాలని ప్రతిపాదన పెట్టింది. అది పెట్టింది కొనేవాళ్ళ కోసమే కాదు, ముఖ్యంగా గర్భంతో ఉండి రోజంతా ఆ కాగితాలు చించి ఇచ్చే క్యాషియర్ల కోసం, వాళ్ళ కడుపులో పిల్లల కోసం.

హెల్సింకీ సంస్థలోని ఆర్థిక కమిటీ లెక్కలు కట్టింది. డబ్బు లెక్క ప్రకారం నిషేధం ఖర్చుకి తగ్గ లాభం ఉన్నట్టు లేదని తేల్చింది. అక్కడితో ఆగలేదు. నష్టమంతా ఒక్క క్యాషియర్ల మీదే పడుతోంది, నిషేధం ఖర్చయితే సరఫరా గొలుసంతా, వినియోగదారులతో సహా, తలా కొంచెం పంచుకుంటారు అని కూడా గమనించింది. ప్రభుత్వ నివేదికలు చదివి కళ్ళు చెమర్చే అలవాటు నాకు లేదు గానీ, ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. కూడిక, తీసివేతలు చేసి వచ్చిన మొత్తం కింద, ‘ఎవరిది తీసేశాం?’ అని ఒక ప్రశ్న రాసుకున్నట్టుంది. నిషేధం వచ్చింది. 2020 జనవరి 2 నుంచి ఆ కాగితంలో బిస్‌ఫినాల్ ఎ 0.02 శాతానికి చేరకూడదు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండేది. ఎ పోయి, చాలాచోట్ల దాని స్థానంలో బిస్‌ఫినాల్ ఎస్ వచ్చింది. వస్తుందని, దాని స్వభావమూ అలాంటిదే కావచ్చని నిషేధం పెట్టేటప్పుడే శాస్త్రవేత్తల కమిటీ హెచ్చరించింది. 2023 జనవరిలో ఎస్ కూడా, సంతానోత్పత్తికి హానికరమనీ, హార్మోన్లని దెబ్బతీస్తుందనీ, అదే ప్రమాదకర జాబితాలోకి ఎక్కింది. ఈ మధ్యలో ‘బీపీఏ లేదు’ అని ముద్ర వేసుకున్న సరుకు ఎంత అమ్ముడుపోయిందో ఊహించుకోవచ్చు. ఆ ముద్రలో అబద్ధమేమీ లేదు. ఒక ఖాళీ గడి ఉంది అంతే.

మా వృత్తిలో ‘డ్రాప్-ఇన్ రీప్లేస్‌మెంట్’ అంటే పెద్ద మెచ్చుకోలు. పాత లైబ్రరీ తీసి కొత్తది పెడితే మిగతా కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. కెమిస్ట్రీలో అదే మెచ్చుకోలు ఒక హెచ్చరిక అని నాకు బిస్‌ఫినాల్ ఎస్ నేర్పింది. అది కాగితం మీద అదే పని, అంత సులువుగా చేయడానికి కారణం దాని ఆకారం ఎకి చుట్టం కావడమే. కాగితం పూతలో ఎ కూర్చున్న కుర్చీలో ఎస్ అతికినట్టు కూర్చుంటే, శరీరంలో ఎ కూర్చున్న కుర్చీలో మాత్రం ఎందుకు కూర్చోదు? అన్నిసార్లూ ఇలాగే అవుతుందని కాదు. కానీ ప్రత్యామ్నాయం మనకి ఎంత సౌకర్యంగా ఉంటే, దాన్ని అంత గట్టిగా ప్రశ్నించాలి. మనం చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకం.

పాతదాని మీద వందల పరిశోధనలు ఉంటాయి కాబట్టి దాని తప్పులన్నీ కనిపిస్తాయి. కొత్తదాని మీద పది కూడా ఉండవు, కాబట్టి అది మచ్చలేనిదిగా కనిపిస్తుంది. ఎ విషయంలోనే చూడండి. రోజూ జీవితాంతం తీసుకున్నా ఫర్వాలేదనే మోతాదు కిలో శరీర బరువుకి 4 మైక్రోగ్రాములని యూరప్ ఆహార భద్రతా సంస్థ ఒకప్పుడు అనుకుంది. 2023లో దాన్ని 0.2 నానోగ్రాములకి దించింది. ఇరవై వేల రెట్లు తక్కువ. ఇన్నేళ్ళు ఇంతమంది వెతికిన పదార్థం సంగతే ఇలా ఉంటే, ఎవరూ వెతకని పదార్థం శుభ్రత ఎలాంటిది?

*

రెండో ఉదాహరణ పసుపు రంగు. లెడ్ క్రోమేట్ ఆధారంగా చేసే పసుపు, ఎరుపు రంగులున్నాయి. ఎండకి వెలవవు, చవక, కింద ఏమున్నా కప్పేస్తాయి. లోహాల పూతలకీ, ప్లాస్టిక్‌కీ, రోడ్ల మీద గీతలకీ బాగా పనికొస్తాయి. వాటిలో సీసం ఉంది, ఆరు వేలెన్సీ క్రోమియం ఉంది. పిల్లల మెదడుకి మొదటిది, క్యాన్సర్‌కి రెండోది. రీచ్ కింద వీటికి 2015 మే 21 ఆఖరి తేదీ. ఆ తర్వాత వాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఒక కంపెనీ అడిగింది, 2016 సెప్టెంబర్‌లో యూరోపియన్ కమిషన్ ఇచ్చింది. ప్రత్యామ్నాయ రంగులు ఆ నాణ్యత అందుకోలేని చోట్ల మాత్రమే వాడాలి అని ఒక షరతు కూడా పెట్టింది.

స్వీడన్ దీని మీద కోర్టుకెళ్ళింది. ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, మార్కెట్లో దొరుకుతున్నాయి అంది. 2019 మార్చి 7న యూరప్ జనరల్ కోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. 2021 ఫిబ్రవరి 25న పై కోర్టూ ఆ తీర్పుని నిలబెట్టింది. తీర్పులో నాకు నచ్చిన విషయం ఇది: ప్రత్యామ్నాయం లేదని చూపించాల్సిన బాధ్యత అడిగినవాడిది. అన్నీ పరిశీలించాక కూడా లెక్కపెట్టదగ్గ సందేహం మిగిలితే అనుమతి ఇవ్వకూడదు. ‘వేరేది పనికిరాని చోట మాత్రమే వాడండి’ అన్న షరతే కమిషన్‌కి సందేహం తీరలేదని చూపిస్తోంది కదా, అంది కోర్టు. తేల్చాల్సిన ప్రశ్నని షరతుగా మార్చి కిందకి తోసేయడం. మా భాషలో చెప్పాలంటే, బగ్‌ని ‘డిజైన్ ప్రకారమే’ అని మూసేయడం.

*

ఇంతవరకూ చదివినవాళ్ళకి నేను ఏకపక్షంగా మాట్లాడుతున్నానని అనిపిస్తే, జామ్‌నగర్ సంగతి కూడా చెప్పాలి.

మా క్లయింట్‌కి ఇత్తడి పార్టులు గుజరాత్‌లోని జామ్‌నగర్ నుంచి వచ్చేవి. ఆ ఊరు ఇత్తడి పార్టులకి పెట్టింది పేరు. లేత్ మీద తేలిగ్గా తెగడానికి ఇత్తడిలో 2, 3 శాతం సీసం కలుపుతారు. సీసం ఉంటే తెగిన పొట్టు చిన్నచిన్న ముక్కలై రాలుతుంది, లేకపోతే తీగలా సాగి పనిముట్టుకి చుట్టుకుంటుంది. 2018 జూన్‌లో సీసం ప్రమాదకర జాబితాలో చేరింది. ఫారం విషయమై ఒక చిన్న వర్క్‌షాపు యజమానితో కాల్ పెట్టారు. సాంకేతిక సాయానికని నేనూ ఉన్నా. ఆయన హిందీలో చాలా మర్యాదగా అడిగాడు: "సార్, నేను తుక్కు కరిగించిన కడ్డీలు కొంటాను. ఆ తుక్కులో సగం మీ దేశాల నుంచి వచ్చిందే. అందులో ఏముందో నాకెలా తెలుస్తుంది? ల్యాబ్ పరీక్షకయ్యే ఖర్చు మీరిస్తారా?" క్లయింట్ వైపు నుంచి కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ‘లిఖితపూర్వకంగా పంపండి’ అన్నారు.

రుజువు భారం బలవంతుడి మీద పెట్టాలనే కదా నేను వాదించింది. గొలుసులో అది మెట్టు మెట్టూ జారి, అందరికంటే కిందున్నవాడి ఒళ్ళో పడింది. పెద్ద కంపెనీ తన చేతికి మట్టంటకుండా ఒక సంతకం తీసుకుంటుంది. సంతకం పెట్టినవాడికి తన లోహంలో ఏముందో తెలియదు. ఇక్కడ ‘లేదు’ అని టిక్కు పెట్టమని ఆయన్ని తోసేది దురాశ కాదు, ఆర్డరు పోతుందన్న భయం. ‘తెలియదు’ అని చెప్పడానికి కూడా కొంచెం స్థోమత కావాలి. నిజం చెప్పమని అడిగేవాడు నిజం తెలుసుకోవడానికయ్యే ఖర్చు పంచుకోకపోతే ఆ అడగడంలో నీతి సగమే ఉన్నట్టు.

ఖాళీని ‘లేదు’గా మార్చిన నా కోడ్ ఒకరకంగా ఆయనకి మేలే చేసింది అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. నిలబడలేదు. ఆయన చెప్పని అబద్ధాన్ని ఆయన పేరు మీద నేను రాశాను. అంతే జరిగింది.

*

మాది నిజామాబాద్ జిల్లా. పసుపు పంట, పసుపు మార్కెట్ మాకు కొత్త కాదు. అందుకే లెడ్ క్రోమేట్ గురించి చదువుతూ అది రోడ్డు గీతల దగ్గర నుంచి వంటింటి డబ్బా దాకా రావడం చూసి కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను.

బంగ్లాదేశ్‌లో కొందరు వ్యాపారులు పసుపు కొమ్ములకి ఇదే లెడ్ క్రోమేట్ పట్టించేవాళ్ళు. 1980ల్లో పెద్ద వరదలొచ్చి, పంట తడిసి, కొమ్ములు నల్లబడి పోయినప్పుడు మెరుపు కోసం మొదలైన అలవాటని అక్కడివాళ్ళు చెప్పారు. తర్వాత వరద తగ్గింది, అలవాటు మిగిలింది. 2019లో పరిశోధకులు దీన్ని బయటపెట్టారు. మన దగ్గర కూడా పసుపులో లెడ్ క్రోమేట్ ఉండకూడదని ఆహార ప్రమాణాల్లో స్పష్టంగా రాసి ఉంది. అయినా 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో పాట్నా నుంచి తీసుకున్న నమూనాల్లో సీసం బాగా ఎక్కువగా కనిపించింది.

బంగ్లాదేశ్ ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. పత్రికల్లో, మార్కెట్లలో ప్రచారం చేసింది, టోకు దుకాణాల మీద దాడులు చేసింది, అక్కడికక్కడే సీసాన్ని పట్టే ఎక్స్-రే పరికరాలు తెచ్చింది, జరిమానాలు వేసింది. 2019లో మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంటే, 2021కి అది సున్నా అయింది.

ఇందులో నన్ను పట్టుకున్నది వేరే. లెడ్ క్రోమేట్ స్థానంలో వాళ్ళు ఇంకో రంగు వెతకలేదు. ‘సురక్షితమైన ప్రత్యామ్నాయ పసుపు రంగు’ కోసం కమిటీ వెయ్యలేదు. కొమ్ము కొంచెం మట్టిరంగులో ఉంటుంది, ఉండనీ అనుకున్నారు. అసలు ఆ రంగు చేస్తున్న పని ఎవరికీ అవసరమైన పని కాదు. కొనేవాడి కంటికి మెరుపు చూపించడం, అంతే.

బిల్లు కాగితం దగ్గరికి మళ్ళీ వెళ్తే, అక్కడ అడిగిన ప్రశ్న ‘ఎ బదులు ఏది?’ అని. దానికి మార్కెట్ ఇచ్చిన జవాబు ఎస్. ‘ఈ కాగితం ప్రతిసారీ అవసరమా?’ అని అడిగుంటే జవాబుల వరుసే మారిపోయేది. ఆస్పత్రి పరికరంలో ఉండే ప్లాస్టిక్‌కీ, చాయ్ బిస్కెట్ బిల్లుకీ మనం ఒకే ప్రశ్న వేస్తున్నాం. అలాగని అన్నీ మానేద్దాం అనే వైరాగ్యం కాదు నేను చెప్పేది. కుళాయి కావాలి, అందులో ఇత్తడి కావాలి, సీసం లేని ఇత్తడి చెయ్యడం నేర్చుకోవాలి, దాని ఖర్చు జామ్‌నగర్ ఒక్కటే మొయ్యకూడదు. కానీ ఏది ‘బదులు’ వెతకాల్సిన పనో, ఏది మానేస్తే సరిపోయే పనో తేల్చుకోవడం కెమిస్టుల చేతిలో లేదు. అది మన కోరికలకి సంబంధించిన ప్రశ్న. ‘సురక్షితమైన ప్రత్యామ్నాయం’ అన్న మాట వినగానే మనకి కలిగే ఊరటలో, మన అలవాటు జోలికి ఎవరూ రారన్న భరోసా కూడా కలిసి ఉంటుందేమోనని నా అనుమానం.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు ఆన్‌లైన్‌లో కొన్న పసుపు ప్యాకెట్ ఒకటి తీసుకెళ్ళాను. అమ్మ ఎప్పుడూ కొమ్ములు కొని గిర్నీలో పట్టిస్తుంది. ప్యాకెట్ విప్పి, చిటికెడు అరచేతిలో వేసుకుని చూసింది. "మంచిగ మెరుస్తుంది గని, ఇండ్ల ఏం కలిపిన్రో ఏమో" అంది. నాకు వెంటనే నోటిదాకా వచ్చిన మాట ‘ఏం కాదులేమ్మా’. అనలేదు. "తెల్వదమ్మా" అన్నాను. ఆమె ప్యాకెట్ మూతి మడిచి రబ్బరుబ్యాండ్ వేసి పక్కన పెట్టింది.

అన్నట్టు, ఆ డ్రాప్‌డౌన్ మార్చాను. కొన్ని వారాలు ఆలస్యంగా, మూసేసిన బగ్‌ని నేనే మళ్ళీ తెరిచి, ఆ అమ్మాయికి కాల్ చేసి నువ్వన్నదే కరెక్ట్ అని చెప్పి. మూడో జవాబు చేర్చాను: తెలియదు. ఖాళీగా వదిలినా అందులోకే వెళ్తుంది. డ్యాష్‌బోర్డులో ‘ఉంది’కి ఎరుపు, ‘లేదు’కి ఆకుపచ్చ, దీనికి పసుపు రంగు ఇచ్చాం. మొదటి రోజు తెరిచి చూస్తే స్క్రీన్ నిండా పసుపే. క్లయింట్ మేనేజర్‌కి అది నచ్చలేదు. ఇంత పసుపు బోర్డుకి ఎలా చూపించను, దీన్ని ఏం చేద్దాం అని అడిగాడు. సప్లయర్లకి పరీక్షల ఖర్చులో కొంత మీరు భరించే వీలుంటుందేమో చూడండి అన్నాను. అది సాఫ్ట్‌వేర్ ప్రశ్న కాదు కదా అన్నాడు. కాదు, అన్నాను.